నలభై ఎనిమిది ఫైళ్ళ మొదటి వరుస

శిక్షణ గదిలో పన్నెండు కుర్చీలు, పన్నెండు కంప్యూటర్లు, పన్నెండు మంది. అందులో పదకొండు మందికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు. పన్నెండో మనిషికి నలభై ఏడు. తాను వచ్చి కూర్చోవడంతో గదిలో తలా రెండేళ్ళు వయసు పెరిగిందని మొదటి రోజే ఆవిడ సగటు తీసి చెప్పింది. పిల్లలు నవ్వారు. పాఠం చెప్పే అమ్మాయి మాత్రం నవ్వకుండా, "లెక్క తప్పు లేదు, కూర్చోండి" అంది.

ఆ పాఠం చెప్పే అమ్మాయి ఆవిడకి స్వయానా అక్క కూతురు. ఇంట్లో చిట్టి, క్లాసులో మేడం. చిట్టి క్లాసులో ఆవిడని "మీరు" అనాలని, ఆవిడ చిట్టిని "మేడం" అనాలని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకున్నారు. ఒప్పందం గంటన్నర నిలిచింది. "పిన్నీ, ఆ ఫోల్డరు కాదు, దాని పక్కది" అని చిట్టి నోరు జారింది. ఆ క్షణం నుంచి ఆవిడ గది మొత్తానికి పిన్ని అయిపోయింది. వారం తిరిగేసరికి కారిడార్ తుడిచే ఆవిడ కూడా పిన్నిగారూ అని పలకరించడం మొదలుపెట్టింది.

పిన్ని ఇరవై రెండేళ్ళు కూరగాయ విత్తనాల కొట్టు నడిపింది. మొక్కల శాస్త్రంలో డిగ్రీ చేసి పట్టా పెట్టెలో పెట్టేసిన మనిషి. కొట్టుకొచ్చే వాళ్ళు, "ఈ రకం ఎండు తెగులుకి ఎందుకు తట్టుకుంటుంది, ఆ రకం ఎందుకు తట్టుకోదు" అని అడిగేవారు. పొట్లం మీద రాసినదే మళ్ళీ చదివి చెప్పేది. ఇరవై రెండేళ్ళు ఒకే ప్రశ్నకి ఒకే పొట్లం చదివాక విసుగొచ్చింది. ఒక ఆదివారం చిట్టి, "ఆ జవాబులు మా పరిశోధన సంస్థ కంప్యూటర్లలో ఉంటాయి పిన్నీ, తొమ్మిది నెలల శిక్షణ, వయసు అడ్డం కాదు, నీకే ధైర్యం చాలదు" అంది. పిన్ని వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఇంకా పదిహేనేళ్ళు పని చేసే ఓపిక ఉంది. అందులోంచి తొమ్మిది నెలలు తీసి నేర్చుకోవడానికి పెడితే, మిగిలిన పద్నాలుగేళ్ళ చిల్లరా కొత్త సరుకవుతుంది. కొట్టు మొగుడికి అప్పజెప్పి, రెండు జతల చెప్పులు, ఒక కళ్ళజోడు పట్టుకుని చిట్టి ఫ్లాట్‌కి వచ్చేసింది.

పని ఆవిడకి త్వరగానే అర్థమైంది గాని చేతులకి త్వరగా రాలేదు. మొక్క వేరులో వేలకొద్దీ జన్యువులు ఉంటాయి. అన్నీ ఒకే స్థాయిలో పని చెయ్యవు. కొన్ని గట్టిగా మాట్లాడతాయి, కొన్ని గొణుగుతాయి, కొన్ని నోరే విప్పవు. ఆ మాటల్ని మిషన్ తునకలు తునకలుగా చదివి ఫైళ్ళలో పోస్తుంది. ఒక్కో ఫైల్లో కోట్ల తునకలు. ఏ తునక ఏ జన్యువుదో తేల్చి, ఏది ఎంత గట్టిగా పలికిందో కొలిచి, తెగులు తట్టుకునే మొక్కకీ తట్టుకోని మొక్కకీ తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఇక్కడి వాళ్ళ వ్యాపారం. ఇదంతా తూకమే కదా అనిపించింది పిన్నికి. కాకపోతే కంప్యూటర్‌కి రాసే ఆజ్ఞలో ఒక చోట ఖాళీ వదలకపోతే మొత్తం తూకం ఆగిపోతుంది. ఎర్ర అక్షరాలు వస్తాయి. ఎర్ర అక్షరాలు వచ్చినప్పుడల్లా పిన్ని కంప్యూటర్‌తో, "ఏం కావాలో నోరు తెరిచి చెప్పొచ్చు కదయ్యా" అనేది. పక్క కుర్చీ పిల్లాడు, "చెప్పింది పిన్నిగారూ, ఆఖరి వరుసలో. మీరు మొదటి వరుస చదివి తిట్టేస్తున్నారు" అనేవాడు.

మొదటి వరుస చదవడం ఆవిడకి కొట్లో అబ్బిన అలవాటు. పెళ్ళైన కొత్తలో ఒకే కంపెనీ, ఒకే బొమ్మ, ఒకే పేరున్న బెండ విత్తనాలు రెండు సంచులు విప్పి ఒకే డబ్బాలో కలిపేసింది. సగం మొలిచాయి, సగం మొలవలేదు. కొన్నవాళ్ళు కొట్టు ముందు బారులు తీరారు. ఖాళీ సంచులు తిరగేసి చూస్తే రెండింటి మీదా సరుకు ఏ విడతదో చెప్పే లాట్ నంబర్లు వేరు. అప్పటి నుంచి నంబరు చదవనిదే ఆవిడ సంచి మూతి విప్పలేదు.

శిక్షణ ఆరో నెలకి వచ్చేసరికి అద్దం వంతు ఆవిడ మీద పడింది.

అద్దం అంటే ఆ సంస్థలో ఒక ఆచారం. ఏ ఫలితమైనా గుమ్మం దాటి బయటికి వెళ్ళే ముందు, దాన్ని ఎప్పుడూ చూడని ఒక శిక్షణార్థికి మొదటి ఫైళ్ళు, చేసిన పనుల పట్టిక ఇచ్చి మొదటి నుంచి మళ్ళీ చేయిస్తారు. అద్దంలో అదే ముఖం కనిపిస్తే ఫలితం బయటికి వెళుతుంది. పని పూర్తయ్యాక సంస్థని నడిపే పెద్ద మేడంకి ఒక కాగితం ఇవ్వాలి. అందులో ఒకటే ప్రశ్న: సరిపోయిందా? పక్కన అవును, కాదు అని రెండు గళ్ళు. కింద ఇంకేమైనా చెప్పడానికి రెండు గీతలు. ఆ కాగితం పెద్ద మేడం చేతికి అందేదాకా, ఫలితం ఎవరిదో వాళ్ళతో ఆ పని గురించి మాట్లాడకూడదు. ఇదీ నియమం.

ఈసారి ఫలితం చిట్టిది. మూడేళ్ళ పని. టమాటాలో ఎండు తెగులుని తట్టుకునే మొక్కలు ఇరవై నాలుగు, తట్టుకోనివి ఇరవై నాలుగు, మొత్తం నలభై ఎనిమిది ఫైళ్ళు. తట్టుకునే మొక్కల్లో నలభై మూడు జన్యువులు గట్టిగా పలుకుతున్నాయని చిట్టి తేల్చింది. ఆ నలభై మూడింటి పట్టిక శుక్రవారం వంగడాల కేంద్రానికి వెళ్ళాలి. వాళ్ళు దాన్ని నమ్మి ఈ సీజన్‌లోనే మొక్కలు సంకరం చెయ్యడం మొదలుపెడతారు. చిట్టి ఉద్యోగం గడువు ఇంకో మూడు నెలల్లో తీరిపోతుంది. పొడిగించాలా వద్దా అని తేల్చే కమిటీ చూసేది ఈ పట్టిక బయటికి వెళ్ళిందా లేదా అనే.

పెద్ద మేడం తన గదిలో పిన్నిని కూర్చోబెట్టి, "వరసలో వంతు మీది. కానీ మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. నాలుగు రోజులు నోరు కట్టేసుకోగలరా? లేకపోతే ఇంకొకరికి ఇస్తాను" అంది.

"మా అత్తగారితో పదకొండేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నానండి. ఒక్క మాట జారలేదు" అంది పిన్ని.

పెద్ద మేడం కళ్ళజోడు మీద నుంచి చూసి, కాగితం చేతిలో పెట్టింది.

సోమవారం మొదలుపెట్టింది. మంగళవారం ఎర్ర అక్షరాలతో గడిచింది. ఇంట్లో ఆ నాలుగు రోజులూ టమాటాలు వండటం కూడా మానేసింది పిన్ని. చిట్టి కంచం ముందు కూర్చుని, "టమాటా ఫైళ్ళ గురించి మాట్లాడొద్దన్నారు గాని కూరలో వెయ్యొద్దనలేదు కదా పిన్నీ" అంది.

"నాకు ఏది ఎక్కడ జారుతుందో భయం. నువ్వు తిను."

"అసలు చేస్తున్నావా, ఊరికే కూర్చున్నావా అదైనా చెప్పు."

"నీళ్ళు కావాలా?"

చిట్టి నవ్వింది. ఈ మధ్య ఆ పిల్ల బాగా నవ్వుతోంది. మూడేళ్ళుగా కళ్ళకింద మోస్తున్న నలుపు కూడా కొంచెం పలచబడింది. పిన్ని అదీ లెక్కలో వేసుకుంది.

బుధవారం పొద్దున పదకొండున్నరకి జవాబు వచ్చింది. నలభై మూడు. చిట్టి పట్టికతో పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. నలభై మూడుకి నలభై మూడూ సరిపోయాయి. ఎర్ర అక్షరాల మనిషి చేత్తో ఇంత పని అయినందుకు పిన్నికి గర్వంగా కూడా అనిపించింది. కాగితం తీసి, అవును అన్న గడిలో టిక్కు పెట్టబోయింది.

పెన్ను మూత తీశాక చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందంటే, సంచులు తూచింది గాని మూతులు చూడలేదు. నలభై ఎనిమిది ఫైళ్ళూ ప్రోగ్రాముకి అందించడమే గాని, వాటిలో ఒక్కదాని మొదటి వరుస కూడా తాను చదవలేదు. ఎవరూ చదవరు. ప్రోగ్రాముకి ఆ వరుసతో పని లేదు. తునక ఎక్కడ మొదలైందో చూసుకుని దాన్ని దాటేసి పోతుంది. అయినా మధ్యాహ్నం భోజనానికి ఇంకా గంట ఉంది. ఊరికే కూర్చోవడం పిన్నికి చేతకాదు.

ఒక్కో ఫైలూ తెరిచి పై వరుస చూసి నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. @ గుర్తు, తరువాత మిషన్ నంబరు, తరువాత ఆ మిషన్ చేసిన ఎన్నో పరుగు, ఆ తరువాత ఇంకా ఏవేవో అంకెలు. మొదటి ఫైలు ఏడో మిషన్. రెండోది ఏడు. మూడోది ఏడు. ఇరవై నాలుగు దాకా ఏడే. ఇరవై అయిదోది పన్నెండు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పన్నెండే. అక్కడి నుంచి ఆఖరిదాకా పన్నెండే.

మొదటి ఇరవై నాలుగూ తట్టుకునే మొక్కలు. తరువాతి ఇరవై నాలుగూ తట్టుకోనివి. ఫైళ్ళతో పాటు చిట్టి ఇచ్చిన నమూనాల పట్టికలో మాత్రం అన్నింటికీ ఒకే మిషన్, ఒకే తేదీ అని ఉంది.

సరుకు ఒక గుట్ట ఒక కాటా మీద, రెండో గుట్ట ఇంకో కాటా మీద తూచి, ఇది దానికన్నా బరువు అంటే ఏ షావుకారూ ఒప్పుకోడు. తేడా సరుకుదా, కాటాదా? నలభై మూడు జన్యువుల్లో ఎన్ని మొక్కలవి, ఎన్ని మిషన్లవి? చెప్పే దారి లేదు. తాను చేసిన అద్దం సరిపోవడంలో వింత ఏమీ లేదు. అవే రెండు కాటాల తూకాన్ని మళ్ళీ కూడింది, అంతే.

భోజనం డబ్బా పట్టుకుని నేరుగా కింది అంతస్తుకి వెళ్ళింది. అక్కడ మిషన్లు చూసుకునే ఆయన్ని అందరూ మిషన్ మావయ్య అంటారు. ఇంకో ఏడాదిలో ఉద్యోగ విరమణ. మిషన్ల మీద ఎవరైనా చెయ్యి ఆనిస్తే, "దానికి జలుబు చేస్తుంది, చెయ్యి తియ్యి" అంటాడు.

"మావయ్యగారూ, మూడేళ్ళ కిందటి సంగతి ఒకటి అడగాలి. ఏడో మిషన్‌కి అప్పుడేమైనా అయిందా?"

"ఏడో దానికి ఏం కాలేదో అడుగు, త్వరగా చెప్పొచ్చు" అన్నాడాయన. కానీ సొరుగులోంచి అట్ట చినిగిన పుస్తకం తీశాడు. అందులో మిషన్ల జబ్బులన్నీ తేదీల వారీగా ఉన్నాయి. వేలితో పేజీలు తిప్పి, "ఇదిగో. టమాటా నమూనాలు, రెండు పెట్టెలు. మొదటి పెట్టె అయింది. రెండోది పెట్టబోతే ఏడోది చల్లబడటం మానేసింది. తొమ్మిది రోజులు చూశాను. ఆ తరువాత రెండో పెట్టె పన్నెండులో పెట్టాను. ఎందుకమ్మా?"

"ఈ మాట ఆ అమ్మాయికి చెప్పారా?"

"అప్పుడు తను కొత్త. ఆ వారం సెలవులో ఉంది. పని అయిందని చెప్పాను. అయిందా లేదా అనే కదా ఎవరైనా అడిగేది." ఆయన పుస్తకం మూస్తూ పిన్ని ముఖం చూశాడు. "కొంప ములిగిందా?"

"తెలీదండీ. భోంచేద్దాం రండి" అంది పిన్ని. ఆ పూట డబ్బా మూత తియ్యలేదు.

సంగతి ఎలా జరిగిందో ఆవిడకి ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. చిట్టి కొత్తలో పట్టిక ముందుగానే నింపి పెట్టుకుంది. రెండు పెట్టెలూ ఒకే రోజు ఒకే మిషన్‌లోకి వెళ్ళాలని అనుకుంది, అనుకున్నదే రాసుకుంది. ఒకే చోటికి వెళ్ళేవే కదా అని తట్టుకునేవన్నీ ఒక పెట్టెలో, తట్టుకోనివన్నీ ఒక పెట్టెలో సర్దింది. జరగబోయేది రాసింది గాని జరిగింది దిద్దలేదు. ఇప్పుడు అదే చిట్టి క్లాసులో, "ఎప్పుడూ రెండు రకాలూ ప్రతి పెట్టెలో కలిపి పెట్టండి" అని బల్ల గుద్ది చెబుతుంది. నేర్చుకుంది, కానీ ఆ టమాటాలు సర్దిన తరువాత నేర్చుకుంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. చిట్టి తల్లి. "ఏమే, శుక్రవారం దాని పట్టిక వెళ్ళిపోతుందటగా. ఇక ఉద్యోగానికి ఢోకా లేదంది. మూడేళ్ళ నుంచీ ఆ పిల్ల సరిగ్గా నిద్రపోయిన పాపాన పోలేదు."

"అవునక్కా."

"నువ్వేంటి గొంతు అలా ఉంది?"

"జలుబు."

"కంప్యూటర్ల దగ్గర ఏసీలు ఎక్కువ. కాళ్ళకి మేజోళ్ళు వేసుకో" అని అక్క పెట్టేసింది.

పిన్ని వంటింటి గట్టు మీద చెయ్యి ఆనించి లెక్క మొదలుపెట్టింది. అవును అని టిక్కు పెడితే అది అబద్ధం కాదు. అడిగింది సరిపోయిందా అని, సరిపోయింది. చిట్టి నిలబడుతుంది. కానీ వంగడాల కేంద్రం వాళ్ళు నాలుగేళ్ళు తప్పుడు జన్యువుల వెంట మొక్కలు పెంచుతారు. చివరికి ఎవరో కొని నాటుతారు, ఎండిపోతాయి. కొట్టు ముందు నిలబడ్డ ఆ బారు ముఖాలు ఆవిడకి ఇంకా గుర్తే. ఇది కుదరని బేరం.

కింద ఉన్న రెండు గీతల్లో రాసి పెద్ద మేడంకి ఇస్తే, అది నియమం. కానీ చిట్టి తన తప్పుని తాను చూడకముందే పైవాళ్ళు చూస్తారు. తన మూడేళ్ళు పోయిన సంగతి ఇంకొకరి గదిలో నిలబడి వింటుంది. చెప్పింది ఎవరంటే పిన్ని. చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మని కాదని పిన్ని పక్కనే పడుకున్న పిల్ల.

ఇంట్లోనే చెవిన వేస్తే, చిట్టి తనంతట తానే వెళ్ళి చెప్పుకుంటుంది, మర్యాద నిలుస్తుంది. కానీ మాట ఇచ్చి తప్పినట్టు. పైగా రేపు ఎవరైనా, ఇద్దరూ ఒకే ఇంట్లో వండుకుని తిన్నారు, ఏది ఎవరు కనిపెట్టారో అంటే, ఆ పిల్ల చేసిన మంచి పని మీద కూడా మరక పడుతుంది.

మూడు దారులూ తూచింది. ఏదీ నచ్చలేదు. బియ్యం కడుగుతూ గోడ మీద చిట్టి అంటించిన వారపు పట్టిక వైపు చూసింది. గురువారం, పదింటికి, సందేహాల గంట.

నియమం ఏమంటుంది? ఆ పని గురించి మాట్లాడకూడదు. పాఠం గురించి టీచర్ని అడగకూడదని ఎక్కడా లేదు. అయినా ముందు, కాగితం మీద అవును దగ్గర టిక్కు పెట్టి, కింద ఆ రెండు గీతల్లో ఉన్నది ఉన్నట్టు రాసింది. మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు పొయ్యి వెలిగించింది.

గురువారం సందేహాల గంటలో చిట్టి హుషారుగా ఉంది. ఒకడు ఏదో అడిగాడు, చెప్పింది. ఇంకో పిల్ల అడిగింది, బోర్డు మీద బొమ్మ వేసి చూపించింది. పిన్ని చెయ్యి ఎత్తింది.

"చెప్పండి" అంది చిట్టి.

"మేడం, ఈ ముడి ఫైళ్ళలో మొదటి వరుస ఉంటుంది కదా, @ గుర్తుతో. మనం దాన్ని ఎప్పుడూ చదవం. దానిలో ఏముంటుంది?"

"మంచి ప్రశ్న. మిషన్ తన గురించి తాను చెప్పుకునే మాటలు అవి." చిట్టి బోర్డు మీద రాసింది. "ఇది మిషన్ నంబరు. ఇది ఎన్నో పరుగు. తరువాతవి తునక పలక మీద ఎక్కడ దొరికిందో చెప్పే అంకెలు. ఫైలు ఎన్ని చేతులు మారినా, ఎవరు పేరు మార్చినా, ఆ వరుస మారదు. పుట్టుమచ్చ లాంటిది."

"అంటే, పట్టికలో ఒకే మిషన్ అని ఉండి, ఈ వరుసల్లో రెండు నంబర్లు కనిపిస్తే, ఏది నమ్మాలి?"

"వరుసనే నమ్మాలి. పట్టిక మనిషి రాసేది."

"ఒక రకం మొక్కలన్నీ ఒక నంబరు, రెండో రకం అన్నీ ఇంకో నంబరు అయితే?"

"అయితే ఇక పోల్చడానికి లేదు. ఆ తేడా మొక్కదో మిషన్‌దో..." అంటూ చిట్టి బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్క బోర్డుకి ఆనించింది. గీత గియ్యలేదు.

చిట్టి వెనక్కి తిరగలేదు. పిల్లలకి ఏమీ తెలియదు గనక, తరువాతి మాట కోసం పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. పిన్ని తన చేతులు తానే చూసుకుంటూ కూర్చుంది.

చిట్టి సుద్దముక్క కింద పెట్టి తన కుర్చీలో కూర్చుంది. పెద్ద తెర వెలిగించింది. తన టమాటా ఫోల్డరు తెరిచింది. అందరూ చూస్తుండగా ఒక ఆజ్ఞ రాసింది, నలభై ఎనిమిది ఫైళ్ళ మొదటి వరుసా ఒకేసారి తెర మీదకి వచ్చేలా. వచ్చాయి. ఏడు, ఏడు, ఏడు అని దిగుతూ దిగుతూ మధ్యలో పన్నెండు మొదలైంది.

"ఇది నా పని" అంది చిట్టి. గొంతు మామూలుగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "మూడేళ్ళు దీని మీద కూర్చున్నాను. ఈ వరుస ఒక్కసారి కూడా చూడలేదు. రేపు పొద్దున ఇది బయటికి వెళ్ళాలి. రాసుకోండి, పట్టిక ఎప్పుడు నింపాలి?"

పదకొండు పెన్నులు ప్రశ్న రాసుకున్నాయి.

"పని జరిగాక. జరగకముందు కాదు." ఆ పిల్ల లేచి, "మిగతా సందేహాలు మధ్యాహ్నం" అని బయటికి నడిచింది. పెద్ద మేడం గది వైపే వెళ్ళడం తలుపు అద్దంలోంచి కనిపించింది.

పావుగంట తరువాత పిన్నికి పిలుపు వచ్చింది. చిట్టి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పిన్ని మడిచిన కాగితం బల్ల మీద పెట్టింది. పెద్ద మేడం విప్పి చదివింది. అవును అన్న గడిలో టిక్కు ఉంది. కింద రెండు గీతలూ నిండి, రాత అంచుదాకా పాకింది.

"ఇది ఎప్పుడు రాశారు?"

"నిన్న సాయంత్రమండి. మిషన్ మావయ్యగారి పుస్తకం చూశాక."

"ఇంట్లో చెప్పారా?"

"చెప్పలేదండి."

"క్లాసులో?"

"క్లాసులో అడిగానండి."

పెద్ద మేడం కాగితాన్ని, పిన్నిని, కిటికీ దగ్గరి వీపుని వరుసగా చూసింది. "ఈ నియమం నేనే రాశాను. పంతొమ్మిదేళ్ళయింది. దానికి ఈ సందు ఉందని ఇవాళే తెలిసింది. పూడ్చాలో వదిలెయ్యాలో తరువాత ఆలోచిస్తాను." కేంద్రానికి ఫోన్ చేసి, పట్టిక రావడం లేదని, కారణం ఉత్తరంలో రాస్తామని నాలుగు ముక్కల్లో చెప్పింది. పెట్టేశాక చిట్టితో, "కమిటీ సంగతి నా చేతుల్లో లేదు. ఫ్రీజర్లో మిగిలిన నమూనాలు ఎన్ని ఉన్నాయో మాత్రం ఇప్పుడే వెళ్ళి చూడు" అంది.

నలభై ఎనిమిదిలో నలభైకి సరిపడా మిగిలింది. మిషన్ మావయ్య ఆ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని, తన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని పైకి వచ్చాడు. "ఈసారి నేను ఏ మిషన్‌కి తుమ్ము వచ్చినా నీకే మొదట చెబుతాను తల్లీ" అన్నాడు. రెండు రకాలూ కలిపి సర్దడం, మళ్ళీ చదివించడం, మళ్ళీ తూచడం, మొత్తం పది వారాలు పట్టింది.

ఆ పది వారాల్లో మొదటి వారం ఇంట్లో మాటలు తక్కువ. చిట్టి కోపంగా లేదు, అలాగని దగ్గరగానూ లేదు. లెక్క తేలని మనిషిలా తిరిగింది. అక్క మాత్రం ఫోన్లో లెక్క తేల్చేసింది. "ఎవరో పరాయి వాళ్ళు పట్టుకున్నారంటే సరే. సొంత పిన్నివి. ఇంట్లో అన్నం పెట్టిన పిల్లని క్లాసులో నిలబెట్టి అడుగుతావా?"

"పరాయి వాళ్ళయితే అడిగేవాళ్ళు కాదక్కా. రాసి పడేసేవాళ్ళు."

"నాతో వ్యాపారం మాటలు మాట్లాడకు" అని అక్క పెట్టేసింది. మళ్ళీ పావుగంటకి తనే చేసి, చిట్టి తింటోందా అని అడిగింది.

రెండో వారం ఒక సాయంత్రం పిన్ని ఎర్ర అక్షరాలతో కుస్తీ పడుతుంటే, చిట్టి వెనక నుంచి వచ్చి తెర వైపు వంగి, "కామా పిన్నీ, ఇక్కడ కామా" అని, కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుంది. అక్కడి నుంచి ఇంట్లో కూడా పని మాటలు మొదలయ్యాయి. ఈసారి అద్దం పట్టేది వేరే వాళ్ళని పెద్ద మేడం ముందే తేల్చేసింది గనక ఆ అడ్డం లేదు. టమాటాలు కూడా వంటింట్లోకి తిరిగొచ్చాయి.

నలభై మూడులో ఆరు మిగిలాయి.

ముప్పై ఏడు మిషన్లవి, ఆరు మొక్కలవి. పిన్నికి ఆ ఆరూ చూస్తే గింజలు చెరిగాక చేటలో మిగిలిన గట్టి సరుకులా కనిపించాయి. చిట్టికి మాత్రం పోయిన ముప్పై ఏడే చాలా రోజులు కనిపించాయి. అందులో కొన్నింటికి తను కథలు కూడా అల్లుకుంది, ఇది వేరు గోడని గట్టిపరుస్తుంది, ఇది నీటిని ఆపుతుంది అని. వాటిని ఒక్కొక్కటీ కొట్టేస్తుంటే పక్కన కూర్చుని చూడటం కష్టమే అయింది.

కమిటీ కూర్చునే నాటికి ఆరింటి పట్టిక రెండో అద్దం దాటి, కేంద్రానికి వెళ్ళి వారం అయింది. సీజన్ దాటిపోయింది గనక వాళ్ళు వచ్చే ఏడాది నాటుతామన్నారు. కమిటీ వాళ్ళు చిట్టిని లోపల నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"ఏమన్నారు?" అంది పిన్ని.

"ఏడాది ఇచ్చారు. రెండేళ్ళు అడిగితే ఏడాది. అందులో కూడా సగం పరిశోధన, సగం పాఠాలు. తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగారు. నా స్టూడెంట్ అన్నాను. అయితే పాఠం బాగా చెబుతున్నట్టే ఉన్నావు, అదే ఎక్కువ చెయ్యి అన్నారు."

"ఏడాది తక్కువేం కాదు."

"నువ్వు అడిగినదానిలో సగం వస్తే నీకు బేరం కుదిరినట్టే పిన్నీ. నాకు అలా కాదు." కాని ఆ పిల్ల ముఖంలో భారం దిగిపోయింది. కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పిన్ని వడ్డించింది. ఇద్దరూ కూర్చున్నారు.

నాలుగు ముద్దలు తిన్నాక చిట్టి తల ఎత్తింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు క్లాసులో నాకు వెలగకపోయుంటే? మంచి ప్రశ్న అనేసి తరువాతి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయుంటే?"

పిన్ని కంచంలోంచి కళ్ళు ఎత్తలేదు. "ఆ మధ్యాహ్నమే కాగితం పెద్ద మేడం చేతిలో పెట్టేదాన్ని."

"నాకు చెప్పకుండా?"

"చెప్పకుండానే."

"నా ఉద్యోగం పోయినా?"

"పోయినా."

చిట్టి ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయింది. పిన్ని కూడా ఇప్పుడు తల ఎత్తి, తప్పించుకోకుండా చూసింది. ఆ జవాబులో తియ్యటానికి గాని కలపటానికి గాని ఏమీ లేదు.

"సరే" అంది చిట్టి. కంచం ముందుకి జరిపింది. "ఇంకొంచెం వెయ్యి."